పంజగుట్టలో గడియారం లేని గది

నిద్ర మీద పరిశోధన చేశానని చెబితే కుర్రవాళ్ళు ముందు నవ్వుతారు. "అంటే ఆఫీసులో పడుకుంటే జీతం ఇచ్చేవారా మేడమ్?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. నవ్వడం అయ్యాక అందరూ అడిగేది ఒకటే, రోజుకి ఎన్ని గంటలు పడుకోవాలని. పదవీ విరమణ చేసి ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. మీరు ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెడుతున్నవాళ్ళు. సరిగ్గా పూర్తయిన మా ప్రయోగాలన్నీ పత్రికల్లో ఉన్నాయి, ఎప్పుడైనా చదువుకోవచ్చు. నేను చెప్పబోయేది పూర్తికాని ఒకదాని గురించి.

అవి ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. అమీర్‌పేటలో మేడల గోడలు కనిపించేవి కావు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ ఒకదాని మీద ఒకటి బోర్డులు. పేవ్‌మెంట్ మీద కాగితాలు పంచే పిల్లలు నలభై దాటిన నన్ను కూడా వదిలేవారు కాదు. "డెమో క్లాసు ఫ్రీ అక్కా" అంటూ చేతిలో కుక్కేవారు. ఊరంతా ఆఫీసుల నుంచి ఇళ్ళకు వచ్చే వేళకు కాల్ సెంటర్ల సుమోలు గల్లీల్లోకి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని పోయేవి. తెల్లారాక వాళ్ళు తిరిగొచ్చి, కిటికీలకు పాత పేపర్లు అంటించి పడుకునేవారు. పట్టపగలు పడుకునే కుర్రకారు అంతమంది ఒక్కచోట ఉండటం మన ఊరికి అప్పుడే కొత్త. వాళ్ళ ఒంటికి ఏమవుతోందో ఎవరికీ తెలియదు. వాళ్ళకీ తెలియదు.

మా పరిశోధనాలయం పంజగుట్టలో ఒక గల్లీలో ఉండేది. దాని కింద ఒక నేలమాళిగ. చాలాకాలం విరిగిన కుర్చీలు పడేయడానికి వాడారు. ఆ చోటును గడియారం లేని గదిగా మార్చాలని మా సార్ ఏళ్ళ తరబడి పైవాళ్ళను అడుగుతూ వచ్చారు.

సార్ మా విభాగానికి అధిపతి. తెనాలి వైపు మనిషి. ఎప్పుడూ తెల్ల పొట్టిచేతుల చొక్కా. ఆడవాళ్ళందరూ ఆయనకు 'అమ్మా', మగవాళ్ళందరూ 'నాయనా'. భార్య పోయి కొన్నేళ్ళయింది, పిల్లలు లేరు, సంజీవరెడ్డి నగర్‌లో ఒక పోర్షన్‌లో ఒంటరిగా ఉండేవారు. పొద్దున్నే మా అందరికంటే ముందు వచ్చేవారు. సాయంత్రం అటెండరు తాళాలు గలగలలాడిస్తే తప్ప లేచేవారు కాదు.

ఆయన కోరిక ఏమిటో మామూలు మాటల్లో చెబుతాను. మనందరి లోపలా ఒక గడియారం ఉంది. అది కాస్త నెమ్మదిగానో తొందరగానో నడుస్తుంటుంది. రోజూ పొద్దున్నే ఎండ దాన్ని సరిచేస్తుంది, పాత గోడగడియారం ముల్లును మనం వేలితో జరిపినట్టు. ఎండ లేకుండా, గడియారం లేకుండా, పాలవాడి గంటా బడి పిల్లల గోలా లేకుండా ఒక మనిషిని కొన్ని వారాలు ఉంచితే ఆ లోపలి గడియారం తన సొంత నడక నడుస్తుంది. రోజూ కొంచెం కొంచెంగా మన రోజు నుంచి జారిపోతుంది. ఇతర దేశాల్లో గుహల్లోనూ బంకర్లలోనూ ఇలాంటివి చేశారు. మన పిల్లల మీద, మన తిండితో, మన ఊళ్ళో చేయాలని సార్ పట్టుదల. నిజానికి ఆ గదిలో తనే ఉండాలని ఆయనకు ఎంతో ఉండేది. బీపీ, షుగరూ చూసి డాక్టర్లు ఒప్పుకోలేదు. "పెళ్ళి పందిరి నేను వేశాను, పీటల మీద ఎవరినో కూర్చోబెట్టాలి" అనేవారు.

చివరికి గది ఇచ్చారు. ఇచ్చేటప్పుడే, సార్ రిటైరయ్యాక నేలమాళిగను ఎవరో కంప్యూటర్ శిక్షణవాళ్ళకు అద్దెకిస్తామని కూడా చెప్పారు. రిటైర్మెంటు ఆ ఏడాదే. అంటే మాకు దొరికింది ఒక్కటే అవకాశం.

మనుషులు కావాలని ప్రకటన వేశాం. అమీర్‌పేట హాస్టళ్ళ నుంచి కుర్రాళ్ళు బిలబిలమంటూ వచ్చారు. వాళ్ళ మొదటి ప్రశ్న వినగానే నాకు నవ్వాగలేదు. "ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తారా మేడమ్?" లోపల కంప్యూటర్ ఉంటుందా, క్రికెట్ స్కోరు చెబుతారా అని అడిగినవాళ్ళు కొందరు. ఫోను ఉండదనగానే సగం మంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో ఒక అబ్బాయి కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రగడ్డలో ఇల్లు. తండ్రి ఆర్టీసీ డ్రైవరుగా చేసి చనిపోయాడు.

"నువ్వెందుకు రావాలనుకుంటున్నావు నాయనా?" అని అడిగారు సార్.

"కాల్ సెంటర్ల చేసిన సార్. రాత్రంత డ్యూటీ. పొద్దుగాల్ల ఒచ్చి పండుకుందమంటే అప్పుడు మా రూము పక్కనే కోచింగ్ సెంటరు, మైకుల పాఠం చెప్తుండె. నిద్రవట్టక సగం జావా నేర్చుకున్న."

మేమిద్దరం నవ్వాం. అతను నవ్వలేదు.

"నౌకరి ఇడిసిపెట్టిన. అయినా నిద్ర మళ్ల రాలే సార్. ఆకలి ఎప్పుడైతదో, నిద్ర ఎప్పుడొస్తదో తెల్వకుంట పోయింది. అందరి టైము నాకు తెలుసు. నా టైమేందో నాకు తెల్వదు."

సార్ కలం పక్కన పెట్టి అతని మొహంలోకి చూశారు. ఎంపిక అక్కడే అయిపోయిందని నాకు అర్థమైంది. కానీ వైద్య పరీక్షలప్పుడు అతని భార్య గర్భవతి అని తెలిసింది. సార్ ఒప్పుకోనన్నారు. ప్రయోగం ముగిశాక కూడా కాన్పుకి చాలా వ్యవధి ఉందని అతను ఎంత చెప్పినా వినలేదు.

మర్నాడు ఆ అమ్మాయే వచ్చింది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో రిసెప్షనిస్టు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. సార్ కుర్చీ చూపించేలోపే కూర్చుంది.

"సార్, ఈయన మొదలువెట్టినయి మస్తున్నయి. డిగ్రీ మొదలువెట్టిండు, ఇడిసిపెట్టిండు. ఒరాకిల్ అన్నడు, జావా అన్నడు, అన్నీ సగమే. నౌకరి సుత గంతే. నిద్రలేక మనిషి మనిషి లెక్క లేడు. గిదొక్కటి తనే ఇష్టపడి చేస్త అంటుండు. పూర్తి చేయనియ్యుండ్రి. నాకేం ఫికర్ లేదు, మా అక్క ఉన్నది, అత్తమ్మ ఉన్నది."

సార్ ఏదో అనబోయి నా వైపు చూశారు. నేనూ ఆడదాన్నే కదా, నా మాట కోసం చూశారనుకుంటాను. "ఆ అమ్మాయి తెలిసే అడుగుతోంది సార్" అన్నాను.

గదిలోకి వెళ్ళే ముందు అతను ఒక షరతు పెట్టాడు. "ఎవలన్న చనిపోతే చెప్పుండ్రి. ఇంకేదున్నా వద్దు. మంచిదైనా వద్దు, చెడ్డదైనా వద్దు. నేనే వచ్చి తెలుసుకుంట."

ఇక మా అవస్థలు వినండి. గదిలోకి అడుగుపెట్టే వాళ్ళెవరిని చూసినా అతనికి వేళ తెలియకూడదు. చేతి గడియారాలు బయట స్టీలు పళ్ళెంలో పెట్టి వెళ్ళాలి. మగవాళ్ళు గడ్డం లెక్కలేకుండా గీసుకోవాలి. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం, ఒకసారి అసలు గీయకుండా. లేకపోతే సాయంత్రం మాసిన గడ్డమే వేళ చెప్పేస్తుంది. నేను పూలు మానేశాను. మల్లెలు విచ్చుకుంటున్నాయా, వాడాయా అన్నది చూస్తే చాలు, ఏ ఆడమనిషైనా వేళ చెప్పేయగలదు. ఆ అబ్బాయి చెప్పలేడని ఏముంది? 'గుడ్ మార్నింగ్' లేదు. ఆవలింత వస్తే మింగేయాలి. అన్నిటికంటే కష్టం మా వంటాయనది. లోపలి నుంచి ఎప్పుడు ఇడ్లీ అడిగితే అప్పుడు వేడి ఇడ్లీ కావాలి, అది మాకు పొద్దుగూకే వేళైనా సరే. "ఆయనకు తెల్లారిందంట మేడమ్, నేను పప్పు రుబ్బాలి" అని గొణుక్కుంటూ వెళ్ళేవాడు.

అతను ఏమడిగినా మా జవాబు ఒకటే: "నాకు తెలియదు."

మొదట్లో అతని రోజు మా రోజు పక్కనే నడిచింది. తర్వాత జారడం మొదలైంది. అతని మధ్యాహ్న భోజనం మా రాత్రి భోజనం వేళకు వచ్చింది. అతను రాత్రి అనుకుని దీపం ఆర్పే సమయానికి పైన పంజగుట్ట చౌరస్తాలో ఆఫీసు వేళ బస్సుల హారన్లు. అతని చేతికి కట్టిన పట్టీ నుంచి, ఒంటి వేడి చెప్పే తీగ నుంచి గీతలు మా తెర మీద వచ్చేవి. ప్రతి గీతా నిన్నటి కంటే కొంచెం కుడికి. సార్ ఆ తెర ముందు కూర్చుని, పొలం గట్టు మీద కూర్చున్న రైతులా మురిసిపోయేవారు.

నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ రాలేదు. అతని వేళలతో పాటు మా వేళలూ తిరిగిపోయాయి. ఇంట్లో అందరూ అన్నం తింటుంటే నేను కాఫీ తాగేదాన్ని. డ్యూటీ దిగి బయటికి వస్తే ఎండ మొహాన కొట్టేది, అది ఉదయపు ఎండో సాయంత్రపు ఎండో తేల్చుకోడానికి కాసేపు పట్టేది. సారూ నేనూ మూలమీది ఇరానీ హోటల్లో కూర్చునేవాళ్ళం. ఆయన చాయ్ సాసర్లో పోసుకుని, చల్లారేదాకా మాట్లాడి, మర్చిపోయి మళ్ళీ ఇంకొకటి తెప్పించుకునేవారు. పరిశోధనలో అసలు రుచి ఏమిటో నాకు తెలిసింది ఆ టేబుల్ దగ్గరే. ఆ హోటల్ ఇప్పుడు లేదు. మెట్రో స్తంభాలు వచ్చాక ఆ మూల ఎక్కడుండేదో కూడా నేను సరిగ్గా గుర్తుపట్టలేను. అటు వెళ్ళినప్పుడల్లా వెతుకుతూనే ఉంటాను.

లోపలి నుంచి మాట్లాడటానికి గోడకి ఒక ఫోను ఉండేది. అతను మాట్లాడాలనుకున్నప్పుడు ఎత్తుతాడు.

"మేడమ్, ఇప్పుడు పొద్దున్నదా, పోయిందా?"

"నాకు తెలియదు బాబూ."

"మీకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది మేడమ్! సరే తియ్యుండ్రి. ఇయ్యాల మంగళవారం కావచ్చు. నాకైతే మంగళవారమనే అనిపిస్తుంది."

ఆ రోజు బుధవారం. అతను నిద్రల్ని లెక్కబెట్టి రోజులు గుణించుకునేవాడు. అతని రోజు మా రోజు కంటే పొడవు, కాబట్టి అతని లెక్క మా లెక్క కంటే వెనకబడుతూ వచ్చింది. కొన్నాళ్ళు దిగులుపడ్డాడు. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, అన్నం సగం వదిలేసేవాడు. బయటికి వచ్చేస్తాడేమోనని సార్‌కి భయం. ఆ తర్వాత ఏదో దారిలో పడ్డాడు. ఒకసారి ఫోనెత్తి, "మేడమ్, చిన్నప్పుడు అమ్మ పక్కన పండుకున్నట్టు పండుకున్న" అన్నాడు. సార్‌కి చెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు.

ఇంకొన్నాళ్ళలో ముగుస్తుందనగా ఫోను వచ్చింది. ఆ అబ్బాయి భార్య వాళ్ళ అక్క చేసింది. నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి, ఆడపిల్ల పుట్టింది, తల్లి బాగానే ఉంది, బిడ్డ బరువు తక్కువ, అద్దాల పెట్టెలో పెట్టారు.

సారూ నేనూ వెంటనే ఆటోలో ఖైరతాబాద్ దగ్గరున్న ఆస్పత్రికి వెళ్ళాం. ఆ అమ్మాయి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే ఆమె అన్న మొదటి మాట, "చెప్పిన్రా ఏంది?"

"లేదమ్మా" అన్నారు సార్.

"చెప్పకుండ్రి. డాక్టరమ్మ ఇప్పుడైతే పర్వా లేదంటుంది. ఇంకెన్ని దినాలు సార్? గింతదూరమొచ్చి సగంల బయటికొస్తే, ఈ పాప మొకం చూసినప్పుడల్ల గదే యాదికొస్తది ఆయనకు. ఒక్కటన్న పూర్తి చేసి రానియ్యుండ్రి."

"మరి నీకు ఆయన దగ్గరుండాలని లేదా అమ్మా?"

పెద్ద గొంతు అమ్మాయి అప్పుడు చిన్నగా మాట్లాడింది. "ఎందుకుండదు సార్."

బయట డాక్టర్ని కలిశాం. ఇప్పటికి నిలకడగానే ఉంది, ఇంత చిన్న పిల్లల విషయంలో రేపటి మాట ఈరోజు చెప్పలేం అంది. ఎటు చూసినా చెప్పవద్దనే ఉంది. అతను వద్దన్నాడు. భార్య వద్దంది. మా విభాగంలో మిగిలినవాళ్ళూ ప్రయోగం ముగిసేదాకా చెప్పొద్దనే అన్నారు. ప్రయోగం ఆపితే మళ్ళీ గది లేదు, సార్‌కి మళ్ళీ ఉద్యోగమూ లేదు. అతన్నే అడిగితే పోదా అనిపించింది. ఆ మాటే అన్నాను.

"ఎలా అడుగుతావమ్మా? 'నీకొక సంగతి చెప్పమంటావా' అని అడిగితే చెప్పినట్టే కదా" అన్నారు సార్.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం తెర ముందు ఉన్నాం. గది నుంచి ఫోను మోగింది. సార్ ఎత్తి స్పీకరు నొక్కారు.

"సార్, మంచిగున్నరా? ఇప్పుడే లేచిన. గమ్మత్తున్నది సార్, మస్తు ఖుషీగున్నది. పండుకుని ఒక లెక్కేసిన. ఇక్కడ నుంచి ఒచ్చినంక గూడ కాన్పుకు మస్తు టైముంటది. ఉయ్యాల కొనాలె, రూముకు సున్నమెయ్యాలె. అన్నీ నేనే చేస్త. ఈసారి ఏదీ సగంల ఇడువ. ఏమంటరు సార్, టైమున్నది గద?"

సార్ రిసీవరు పట్టుకుని లేచారు. నేను ఆయన పెదవుల వైపు చూస్తున్నాను. 'నాకు తెలియదు' అనాలి. ఆ మాట ఎన్నోసార్లు అన్నాం, అలవాటైపోయింది. అది బయటికి రాలేదు. రిసీవరు పెట్టేశారు.

"ఇన్నాళ్ళూ మనం అతనికి వేళ చెప్పలేదు, అంతే. అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు నేను 'తెలియదు' అంటే అది అబద్ధం అవుతుందమ్మా" అన్నారు.

"సార్, డేటా..."

"ఉన్నంతవరకు ఉంది."

మెట్లు దిగారు. స్టీలు పళ్ళెం దగ్గర ఆగలేదు. గడియారం చేతికి అలాగే ఉంది. రెండు తలుపులూ తీసి లోపలికి వెళ్ళారు. నేను వెనకే ఉన్నాను. ఆ అబ్బాయి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తిరిగాడు, నవ్వబోయాడు, సార్ మణికట్టు మీద అతని చూపు నిలిచిపోయింది.

"ఎవలు పోయిన్రు సార్?"

"ఎవరూ పోలేదు నాయనా. వచ్చారు. నీకు కూతురు పుట్టింది."

అతను మంచం మీద కూలబడ్డాడు. చాలాసేపు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "గట్లెట్లయితది సార్? ఇంక టైమున్నది గద. నేను లెక్కవెట్టిన గద" అంటూ ఏడ్చాడు. సంతోషం, భయం, లెక్క తప్పిన బాధ అన్నీ కలిసిపోయాయి. "ఇది గూడ సగమేనా సార్?" అన్నాడు. సార్ అతని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశారు.

బయటికి తీసుకొచ్చాం. అతనికి అప్పుడే తెల్లారింది, మాకు ఎర్రటి ఎండ. పంజగుట్ట చౌరస్తా దుమ్ములో, హారన్ల మధ్య అతను చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆటో ఎక్కాక ప్రతి బోర్డూ చదువుతూ వచ్చాడు, చిన్న పిల్లవాడిలా, పైకి వినబడేలా.

ఆస్పత్రిలో ఆ అమ్మాయి అతన్ని చూసింది, తర్వాత సార్‌ని చూసింది. "చెప్పొద్దన్న గద సార్!" అని కోపంగా మొదలుపెట్టి, వాక్యం పూర్తి కాకుండానే మొగుడి చెయ్యి పట్టుకుంది. బిడ్డను చూడటానికి లేచేదాకా వదల్లేదు.

బిడ్డ దగ్గరికి ఇద్దరిని మాత్రమే రానిచ్చారు. అతను, నేను వెళ్ళాం. చేతులు కడిగించి, గౌను తొడిగించారు. అద్దాల పెట్టెలో అరచేతంత మనిషి. కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి ఉంది. అతను అద్దానికి దగ్గరగా వంగి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మేడమ్, గీమెకు పగలు రాత్రి తెలుస్తదా?"

"ఇంకా తెలియదు. పుట్టిన పిల్లల లోపల గడియారం ఉంటుంది కానీ ఇంకా ఎండతో జత కుదరదు. కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు దానిష్టం వచ్చినప్పుడు పడుకుంటుంది, దానిష్టం వచ్చినప్పుడు లేస్తుంది."

"అయితే మేమిద్దరం ఒక్కటే" అన్నాడు. ఆ పోలిక నాకే తట్టలేదు. నిద్ర మీద అంతకాలం పనిచేసినదాన్ని.

బిడ్డ బతికి బట్టకట్టింది. ఇంటికి పంపాక నేను చూడటానికి వెళ్ళాను. అతను కూతుర్ని గుండె మీద వేసుకుని ఎర్రగడ్డ డాబా మీద లేత ఎండలో తిరుగుతున్నాడు. అర్ధరాత్రి ఇద్దరూ మేలుకుని ఉంటున్నారట, పట్టపగలు ఇద్దరూ నిద్రపోతున్నారట. "ఒక్కలను చూసుకుందమనుకున్న మేడమ్, మీరు ఇద్దరిని పంపిన్రు" అని ఆ అమ్మాయి నవ్వింది. మెల్లగా ఇద్దరికీ ఒకేసారి రాత్రి రాత్రయింది. తర్వాత అతను పొద్దున షిఫ్టు ఒకటి చూసుకుని, ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి కట్టాడని విన్నాను. పూర్తి చేశాడో లేదో తెలియదు. కొన్నాళ్ళకు ఇల్లు మారారు, నా దగ్గరున్న నంబరు పనిచేయలేదు. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైపోయి ఉంటుంది. అమీర్‌పేట మెట్రోలో ఎవరైనా అమ్మాయి పెద్ద గొంతుతో ఫోన్లో మాట్లాడుతుంటే తిరిగి చూస్తాను.

మా ప్రయోగం ఒక చిన్న వ్యాసంగా అచ్చయింది. ఎందుకు మధ్యలో ఆగిందని సంపాదకులు అడిగితే 'కుటుంబ కారణాలు' అని రాశాం. వేరేవాళ్ళు తర్వాత ఇంతకంటే బాగా చేశారు. మా దాన్ని ఇప్పుడు ఎవరూ ఉదహరించరు.

చెప్పవలసింది ఇంకొంచెం ఉంది.

గది ఖాళీ చేయడానికి ఇంకా కొన్ని రోజులు గడువుంది. ఒకరోజు సార్ ఒక చిన్న సంచితో వచ్చారు. రెండు పంచెలు, మందుల డబ్బా. "గది ఇంకా మనదే కదమ్మా. కొన్నాళ్ళు నేను ఉంటాను. తీగలూ వద్దు, గీతలూ వద్దు. ఊరికే" అన్నారు. డాక్టర్ల మాట గుర్తుచేశాను. "మందులు ఎలాగూ వేసుకుంటాను. పలకకపోతే నువ్వు తలుపు తియ్యి" అని గడియారం తీసి నా చేతిలో పెట్టారు. ఆయన మొహంలో మొదటిసారి బడికి వెళ్ళే పిల్లవాడి ఉత్సాహం. తలుపు వేసి నేను బయట కూర్చున్నాను.

ఒక్క నిద్రకే బయటికి వచ్చేశారు. తలుపు తట్టిన చప్పుడుకి పరుగెత్తాను, ఏమైందోనని. ఒంట్లో బాగానే ఉంది. సంచి భుజానికి తగిలించుకుని నిలబడ్డారు.

"నిద్ర పట్టలేదా సార్?"

"బాగా పట్టిందమ్మా. మెలకువా వచ్చింది. లేచి కూర్చుని ఏం చేయాలో తెలియలేదు. ఆ కుర్రాడికి లెక్కపెట్టుకోడానికి ఒక కాన్పు ఉంది. నన్ను లోపల ఎవరూ పిలవరు, బయటా ఎవరూ పిలవరు. ఎవరికోసం లేవాలని ఒకటే ఆలోచన."

నవ్వుతూనే అన్నారు. నేను గడియారం తిరిగి ఇచ్చాను. పెట్టుకోవడానికి కాసేపు తంటాలు పడ్డారు. పట్టీ నేనే బిగించాను.

రిటైరైన మర్నాడు పొద్దున్నే మా ఇంటి ఫోను మోగింది. "ఏమ్మా, లేచావా?" సార్. పేపర్లో నిద్ర గురించి ఏదో తప్పుగా రాశారట, అది చెప్పడానికి. ఆ తర్వాతి రోజు ఒక సందేహం. ఆపైన రోజూ, అదే వేళకు, ఏదో ఒక వంక. కొన్నాళ్ళకు వంకలు అయిపోయాయి. "ఏమ్మా, లేచావా?" "లేచాను సార్." "సరే, పనులు చూసుకో." అంతే. మావారు "నీ కోడి కూసింది" అనేవారు. ల్యాండ్‌లైను పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి, నేను విభాగానికి అధిపతినయ్యాను, ఆ పిలుపు మాత్రం మారలేదు. ఊరెళ్తే అక్కడికీ చేసేవారు. ఆయన నన్ను లేపుతున్నారని అనుకునేదాన్ని. లేవడానికి ఆయనకు నేను కావలసి వచ్చానని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక, ముందే మెలకువ వచ్చినా పడుకునే ఉండేదాన్ని. ఫోను మోగాకే లేచేదాన్ని.

ఒక పొద్దున మోగలేదు. నేను చేశాను. పక్క పోర్షన్ వాళ్ళు ఎత్తారు. నిద్రలోనే పోయారని చెప్పారు.

ఎండ మన లోపలి గడియారాన్ని ఎలా సరిచేస్తుందో మీకు చాలామంది చెబుతారు. బొమ్మలు గీసి, నాడుల పేర్లు పెట్టి నేనూ ఎన్నో తరగతుల్లో చెప్పాను. అదంతా నిజమే, బాగా నేర్చుకోండి.

నేనిప్పుడు ఏ ఆఫీసుకీ వెళ్ళక్కర్లేదు. కావలసినంతసేపు పడుకోవచ్చు. అయినా రోజూ ఆ వేళకే మెలకువ వచ్చేస్తుంది. కిటికీలో ఇంకా వెలుగు రాకముందే. కళ్ళు తెరవను. కాసేపు అలాగే ఉంటాను, ఆయన పలకరించి పెట్టేయడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు. తర్వాత లేస్తాను.